అమ్మలో కొంత షామీర్‌పేటలో

అమ్మ పోయి ఏడాది కావస్తుండగా, ఆమె పేరు మీద ఏం చేయాలన్న విషయంలో నాకూ నాయినకూ పడలేదు. మా చర్చిలో ఎవరు పోయినా మొదటి ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెడతారు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారు. నాలుగు పాటలు పాడతారు. పోయినవాళ్ళ గురించి మంచి మాటలు చెబుతారు, మిగతావి అన్నం తినేటప్పుడు మెల్లగా చెప్పుకుంటారు. కాస్త ఉన్నవాళ్ళైతే సమాధికి నల్లరాయి కూడా వేయిస్తారు. నాయిన రెండూ చేయాలన్నాడు. నేను రెండూ వద్దు, ఆ పైసలు క్యాన్సర్ పరిశోధనకు ఇద్దాం అన్నాను.

"పరిశోధన అంటే ఏంది?" అన్నాడు నాయిన.

"ఆ రోగం ఎందుకొస్తదో, ఎట్ల పోతదో తెలుసుకునుడు."

"సరే. మరి ఎవలికి పెట్టినట్టు? ఎవలు తిన్నట్టు?"

ఆ ప్రశ్న విని నవ్వకండి. నాయిన దుండిగల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట మాస్టరుగా పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక మానేశాడు. ఇవ్వడమంటే ఆయన దృష్టిలో వడ్డించడమే. ప్లేట్లో పడాలి, ఎదుటివాడు తినాలి, చేయి కడుక్కుంటూ "కూర మస్తుంది మాస్టర్" అనాలి. అప్పుడే అది ఇచ్చినట్టు. కనపడనివాళ్ళకు, ఇంకా పుట్టని రోగులకు ఇవ్వడమంటే ఆయనకు ఖాళీ గంజులో గరిటె తిప్పినట్టు.

నేనూ ఊరుకునే రకాన్ని కాదు. గండిమైసమ్మ దగ్గర ఒక బడిలో సోషల్ చెబుతాను. సైన్సు అంతంత మాత్రమే. కానీ దేన్నైనా అడుగుదాకా తవ్వితే తప్ప మనసు ఒప్పదు. ఆ గుణం అమ్మది.

అమ్మ మేడ్చల్‌లో మా ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఎక్కడా నేర్చుకోలేదు. చర్చిలో ఎవరి ఒంటి మీదైనా జాకెట్టు చక్కగా కూర్చుంటే, అయ్యగారి ప్రసంగం అయ్యేదాకా ఆమె చూపు ఆ భుజాల మీదే ఉండేది. ఆరాధన అయిపోగానే ఆమె దగ్గరికి వెళ్ళి, "నీ పాత జాకెట్ ఒకటి ఇయ్యవా అక్కా, సూసి ఇస్త" అనేది. ఇంటికి తెచ్చి, బ్లేడుతో కుట్లన్నీ విప్పి, ముక్కలను నేల మీద పరిచి, వాటి చుట్టూ తిరుగుతూ చూసేది. చంక దగ్గర ఇంత మలుపు ఎందుకు వచ్చింది, ఈ మడత ఎటు పోయింది, అంతా అర్థమయ్యాక మళ్ళీ కుట్టి ఇచ్చేది. పుచ్చుకున్నవాళ్ళు ముందుకంటే బాగుందనేవాళ్ళు. ఒక్క నాయిన పెళ్ళి కోటు మాత్రం విప్పింది గానీ తిరిగి కుట్టలేకపోయింది. దాని చేతులు ఒక సంచిలో, వీపు ఇంకో సంచిలో ఏళ్ళ తరబడి బీరువా మీద ఉన్నాయి. "పెండ్లి గూడ గిట్లనే విప్పుతవా ఏంది?" అని నాయిన ఏడిపించేవాడు.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. అందరిలా ఏడ్చింది, భయపడింది. కానీ ఏడుపు మధ్యలో కూడా ప్రశ్నలే. మా ఇంట్లో ఎవరికీ లేదు కదా, నాకే ఎందుకొచ్చింది? ఎడమ వైపే ఎందుకు? నగరంలో ఆమెకు వైద్యం చేసిన పెద్ద డాక్టరు ఒకరోజు అద్దాలు తీసి, "నిజం చెప్పాలంటే నాకు తెలియదమ్మా" అన్నాడు. అమ్మ ఆ మాటను ఊరంతా మోసింది. "గంత పెద్ద డాక్టరు, తెల్వదన్నడు! మొకం మీదనే అన్నడు!" అని పాలవాడికి కూడా చెప్పింది. అందులో ఫిర్యాదు లేదు. తనతో ఒకరు నిజం మాట్లాడారన్న సంతోషం ఉంది.

ఆపరేషనుకు ముందు రోజు ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి, తీసిన దాంట్లో కొంత పరిశోధనకు దాచుకోవచ్చా అని అడిగింది. అప్పుడు నాయిన కింద మందుల వరసలో ఉన్నాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. ఎక్కడ దాస్తారు, కుళ్ళిపోదా, ఎట్లా కోస్తారు, ఎవరు చూస్తారు అని అమ్మ ఆ పిల్లను ఉక్కిరిబిక్కిరి చేసింది. ఆఖరికి, "తీసినంక నేనేం జేసుకుంట? విప్పి సూడుండ్రి. తెల్వదన్నరు గద, తెలుసుకోండ్రి మరి" అంది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు బాగానే ఉంది. మిషను కూడా తొక్కింది. తర్వాత రోగం ఎముకల్లోకి దిగింది. ఇక ఆ సంగతి నాయినకు చెప్పాలని కూడా మాకు తోచలేదు. ఆ ముక్కను ఎప్పుడో వాడేసి పారేసి ఉంటారనుకున్నాను.

జ్ఞాపకార్థం గొడవ ముదిరాక, పైసలు ఎక్కడికి పోతాయో నాయినకు వినిపిద్దామని అదే ఆస్పత్రి వాళ్ళ పరిశోధన విభాగానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అవతల ఒకామె ఓపికగా చెప్పింది. రసాయనాలకు పోతాయట. పనిచేసే పిల్లల జీతాలకు. ఫ్రీజర్ల కరెంటుకు.

"కరెంట్ బిల్లు కట్టుడు గూడ దానమేనా?" అన్నాడు నాయిన, ఆమెకు వినపడేలాగే.

ఎవరి జ్ఞాపకార్థమని ఆమె అడిగితే అమ్మ వివరాలు చెప్పాను. మర్నాడు ఆమే మళ్ళీ ఫోన్ చేసింది. "మీ అమ్మగారు ముందే ఇచ్చి ఉన్నారండీ. ఆమె శాంపిల్ ఇంకా పనిలోనే ఉంది. షామీర్‌పేట వైపు మా ల్యాబులో" అంది.

అమ్మలో కొంత ఇంకా ఈ లోకంలో, మా ఇంటికి బండి మీద పోయేంత దూరంలో ఉంది! ఏ రూపంలో ఉంది? ఎవరు చూస్తున్నారు? ఏం కనిపిస్తోంది వాళ్ళకు? వంటింట్లోకి పరుగెత్తి నాయినకు చెప్పాను, ఆయన కూడా నాలాగే సంతోషిస్తాడని. ఆయన ఉల్లిగడ్డ కోస్తున్నాడు. చెయ్యి ఆగింది.

"ఉన్నదా? ఇంకా ఉన్నదా? అంటే మనం ఆమెను పూర్తిగ బొంద వెట్టలేదా?"

అక్కడితో నల్లరాయి, భోజనాలు, పరిశోధన అన్నీ పక్కకు పోయాయి. నాయినకు ఒకటే పట్టు. ఆ ముక్కను తేవాలి. రాయి వేయడానికి ఎలాగూ సమాధి తలవైపు తవ్వుతారు, అప్పుడు అందులో పెట్టాలి. ఏడాది కూడిక లోపల ఆమె ఒక్కచోట ఉండాలి.

"అమ్మ మనసార ఇచ్చింది నాయినా. నువ్వెట్ల వాపసు తెస్తవ్?"

"నాకు చెప్పి ఇచ్చిందా?"

"ఇచ్చిన ఆమెకు లేని బాధ నీకేంది? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద పోయింది గద బిడ్డా" అన్నాడు. "ఇగ దురద కత్తిపీటకే."

నా నోరు మూయించడం అంత తేలిక కాదని మా బడిలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఆదివారం ఆరాధన అయ్యాక నాయిన అయ్యగారి దగ్గర నిలబడ్డాడు. "అయ్యగారూ, కడబూర మోగినప్పుడు అందరు లేస్తరు గద. ఈమెది ఒక ముక్క షామీర్‌పేటల ఉంటె ఎట్ల?"

అయ్యగారు చిన్నగా నవ్వి, "మట్టిలోంచి మనిషిని చేసిన దేవుడికి షామీర్‌పేట ఎంత దూరమయ్యా?" అన్నారు.

"దేవునికేం కష్టం లేదు, నాకెరికే. నాకే కష్టమైతాంది. ఆమెను మొత్తం పండవెట్టిన అనుకోని ఏడాది సంది పంటున్న. ఇగ నిద్ర వస్తలేదు."

అయ్యగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. అమ్మ అక్క, మా పెద్దమ్మ అక్కడే ఉంది. చెల్లెలిని ముక్కలుగా ఉంచుతారా అని అక్కడికక్కడే కళ్ళు తుడుచుకుంది. నాయిన పట్టు ఇంకా బిగిసింది.

ఫోన్‌లో మళ్ళీ అడిగాను. కుటుంబం కోరితే మిగిలింది ఆస్పత్రి ద్వారా తిరిగి ఇస్తామన్నారు. ముందు ఒకసారి వచ్చి చూడమన్నారు. ఇవ్వం అని ఉంటే నాకు బాగుండేది. ఇస్తామనేసరికి భయం పట్టుకుంది. నాయిన అడగడమే తరువాయి, అమ్మ ఇచ్చిన మాట పోతుంది. అడగకపోతే ఆయన నిద్ర పోతుంది. ఇద్దరిలో ఎవరి వైపు ఉండాలో నాకు తెలియలేదు.

శనివారం స్కూటీ మీద బయల్దేరాం. నాయిన మేడ్చల్ బజారులో కొత్త స్టీలు డబ్బా కొన్నాడు. అందులో తెల్లగుడ్డ మడిచి పెట్టి, దారి పొడుగునా ఒళ్ళో పట్టుకున్నాడు. టిప్పర్లు దుమ్ము లేపుతున్నాయి. ఒకప్పుడు ద్రాక్షతోటలున్న చోట ప్లాట్ల రాళ్ళు పాతి ఉన్నాయి. షామీర్‌పేట దాటి, మందుల కంపెనీల అద్దాల భవనాల మధ్య ఆ ల్యాబు గేటు ముందు ఆగాం. సెక్యూరిటీ అతను డబ్బా తెరవమన్నాడు.

"ఖాళీ డబ్బా ఎందుకు సార్?"

"వచ్చేటప్పుడు ఖాళీ ఉండది" అన్నాడు నాయిన.

లోపల మమ్మల్ని కలిసింది నా వయసు సైంటిస్టు. కోస్తా యాస. నాయిన కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు. "ఆమె ఏడున్నది?"

ఆ అమ్మాయి తడబడలేదు. ఒక సొరుగు తెరిచి అరచేతిలో పట్టే చిన్న మైనపు దిమ్మ తీసింది. మధ్యలో గోరంత తెల్లటి ముక్క. నేను మంచుగడ్డలో మాంసం లాంటిదేదో ఊహించుకుని గుండె చిక్కబట్టుకుని వచ్చాను. నాయిన కూడా అదే అనుకున్నట్టున్నాడు.

"గింతనా?"

"ఇంకొంచెం ఫ్రీజర్‌లో ఉంది అంకుల్. ఎక్కువగా పనిచేసేది దీనితోనే."

"మైనంల ఎందుకు పెట్టిన్రు?"

గట్టిగా ఉంటేనే పలచగా కోయడానికి వస్తుందని చెప్పింది. ఎంత పలచగా? ఉల్లిపొర కంటే ఎన్నో రెట్లు. నాయిన తల ఎత్తాడు. ఉల్లిగడ్డలతో జీవితం గడిపిన మనిషి. "ఉల్లిపొర కన్న పల్సగనా? ఏం కత్తి అది?" అన్నాడు. ఆమె పక్కగదిలోకి తీసుకెళ్ళి, వేరే దిమ్మ ఒకటి బిగించి యంత్రం పిడి తిప్పింది. బ్లేడు మీది నుంచి మైనం రిబ్బన్ లాగా వస్తోంది. దాన్ని నీళ్ళ మీద పరిస్తే ముడత లేకుండా విచ్చుకుంది. నాయిన మోకాళ్ళ నొప్పి మరిచి వంగి చూశాడు. ఎన్నాళ్ళకు పదును పోతుంది, చెయ్యి తెగదా అని అడుగుతున్నాడు. ఈయన ప్రశ్నలు వేయడం నేను ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో అది అమ్మ శాఖ. డబ్బా మాత్రం చంకలోనే ఉంది.

తర్వాత మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టింది. అద్దం పలకకు అతికించి రంగు వేసిన అమ్మ పొర దాని కింద ఉంది. నాయినకు ముందు తన కనురెప్పలే కనిపించాయి. కళ్ళద్దాలు తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఉన్నట్టుండి కదలకుండా అయిపోయాడు.

"ఇటు గుండ్రంగ ఉన్నయి. వరుసగ. పంక్తిల కూసున్నట్టు."

"అది ఆరోగ్యంగా ఉన్న భాగం అంకుల్."

"అటు పక్కన ఏంది గది? మెస్సుల కౌంటర్ తెరువంగనే పోరగాండ్లు ఎగవడ్డట్టు? ఒకని మీద ఒకడు."

"అదే క్యాన్సర్" అంది.

నా వంతు వచ్చింది. గులాబీ రంగు, ఊదా రంగు. పోయాక అమ్మను ఇలా చూస్తానని ఎవరనుకుంటారు! గుండ్రటివి ఏమిటని అడిగాను. పాలు వచ్చే నాళాలట. నేను తల పైకెత్తలేదు. ఎత్తితే ఏడుపు కనపడుతుంది. నేను పుట్టిన రోజు నుంచి నన్ను బతికించిన దారి అది. ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. నాకు ఏడుపు వచ్చింది, అంతకంటే ఎక్కువగా ఇంకా చూడాలనిపించింది. ఈ చక్కటి వరుస ఎక్కడ చెదిరింది? ముందు చెదిరింది ఏది? పక్కదానికి ఎలా తెలిసింది?

నాయిన నా భుజం తట్టి లేపి మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి చెడ్డవైపే చూశాడు.

"గిదేనా ఆమెను సంపింది?"

"అవును అంకుల్."

"దీన్ని నేను డబ్బాల వెట్టుకపోయి ఆమె పక్కన పండవెడ్తనా? సచ్చినంక గూడ ఆమెను ఇడిసిపెట్టదా ఇది?" అని లేచాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అయిపోయింది, ఇక అడగడు అనుకున్నాను. ఆయన డబ్బా మూత తీశాడు. "గా మంచిది ఒక్కటి వేరు జేసి ఇయ్యి బిడ్డా. గా పాలది. అది ఆమెది. అది నేను తీస్కపోత."

తెల్లగుడ్డ విప్పి బల్ల మీద డబ్బా పెట్టాడు.

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఇవ్వొచ్చు అంకుల్. మీరు అడిగితే ఆస్పత్రికి రాసి ఇప్పిస్తాను. కాకపోతే ఒక్కమాట చెప్పనివ్వండి. చెడ్డది ఎక్కడ దారి తప్పిందో తెలియాలంటే మంచిది పక్కన ఉండాలి. అదీ ఆమెదే కావాలి. ఇంకొకరిది పెడితే సగం తేడాలు మనిషికీ మనిషికీ ఉండే తేడాలే అవుతాయి. మంచిది తీసేస్తే ఈ చెడ్డదాన్ని దేనితో పోల్చను?"

"రోజు సూస్తరా?"

"ఈ పని మీద ఉన్నప్పుడు దాదాపు రోజూ."

"ఏమన్న ఎరికైందా?"

"కొంచెం. చాలావరకు ఇంకా తెలియదు."

నాయిన ఆమె వంక చూశాడు. "ఆ మాట ఆమెకు మస్తు నచ్చుతుండె" అన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. "అయితే ఆమె లేకుంటే మీకు తెల్వదు."

"ఆమె దగ్గర తెలిసేది ఇంకొకరి దగ్గర తెలియదు."

నాయిన గుడ్డ మడిచాడు. మూత పెట్టాడు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, ఇక్కడ కరెంటు పోతే ఏం చేస్తారని అడిగాడు. జనరేటర్ ఉందంటే, అది ఎప్పుడైనా పాడైతే ఏం చేస్తారని అడిగాడు.

దారిలో చెరువు కట్ట దగ్గర బండి ఆపమన్నాడు. దిగి నీళ్ళతో మొహం కడుక్కుని, మళ్ళీ ఎక్కాడు. ఆయన ఆ రాత్రి ఏం ఆలోచించాడో నాకు తెలియదు. పొద్దున నల్లరాయి వేస్తానన్న అతనికి తనే ఫోన్ చేసి వద్దన్నాడు. ఆ పైసలు ఫ్రీజర్ల కరెంటుకే వాడాలని, వేరే దేనికీ కాదని, నాతో గట్టిగా చెప్పించి ల్యాబుకు పంపాడు. సమాధికి సిమెంటు పూయించి, దాని మీద తనే సున్నం వేశాడు. ఆ తర్వాత బడికి పోయేటప్పుడు చాలాసార్లు చూశాను, ఎండెక్కినా ముసుగుతన్ని నిద్రపోతున్నాడు.

కూడిక రోజు భోజనాలు మాత్రం పెట్టాడు. ఆ విషయంలో నేను ఓడిపోయాను, ఓడినందుకు బాధ కూడా లేదు. బగారన్నం దగ్గర ఎవరినీ నిలబడనివ్వకుండా తనే వడ్డిస్తున్నాడు. పెద్దమ్మ ప్లేటు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది. చుట్టూ అంతా చర్చివాళ్ళే. ఆ సంగతి అందరికీ తెలుసు, అడగడానికి అందరికీ మొహమాటమే. ఆమె మాత్రం అడిగేసింది.

"ఆమెను తెస్త అని పోతివి గద. తేలేదా?"

నాయిన ఆమె ప్లేట్లో అన్నం పెట్టి, కూర వేసి, అప్పుడు చెప్పాడు.

"తేలే వదినె. ఆమెకు ఆడ పనున్నది. పని మీదున్న మనిషిని నడుమల లేపుకొస్తమా?"